డాక్టర్‌ని అడగండి: బౌట్ అయ్యాక పల్స్ 192 చూపించింది, భయపడాలా?

హోలీ దగ్గర పడితే మాకు కుస్తీ ఉత్తరాలు రావడం మామూలే, నిజామాబాద్ వైపు ఊళ్ళల్లో పోటీలు ఆ టైమ్‌లోనే కదా జరిగేది. ఇదివరకు మోకాలు పట్టేసింది, భుజం జారింది, చెవి వాచింది అని రాసేవాళ్ళు. ఇప్పుడు కరోనా టైమ్‌లో కొన్న ఆక్సీమీటర్ ప్రతి ఇంట్లో ఉంది కాబట్టి నంబర్లు రాసి పంపిస్తున్నారు. అందుకని ఈసారి అన్నీ ఆ ఉత్తరాలే తీసుకున్నాం.

*ప్రశ్న: డాక్టర్ సాబ్, మాది బోధన్ దగ్గర ఊరు. మా పిలగానికి 16 ఏండ్లు, 51 కేజీలల్ల ఆడ్తడు. మొన్న సెలక్షన్స్‌ల రెండో బౌట్ అయిపోంగనే వేలికి ఆక్సీమీటర్ పెట్టిన, పల్స్ 192, ఆక్సిజన్ 89 చూపెట్టింది. నాకు కాళ్ళు చేతులు ఆడలే. ప్రాక్టీస్‌ల ఎంత ఉరికిచ్చినా పల్స్ ఎన్నడూ 170 దాటలే. వాడేమో నాకేం కాలే డాడీ అంటుండు. పది నిమిషాలైనంక మల్ల పెడితే ఆక్సిజన్ 98 ఉంది. గుండె వీక్ ఉన్నదా? కుస్తీ బంద్ పెట్టించాల్నా?*

జవాబు: బంద్ పెట్టించకండి. మీరు రాసిన నంబర్లలో 192 నిజం, 89 మాత్రం చాలావరకు మెషీన్ చెప్పిన అబద్ధం, రెండిటినీ కలిపి చూసి మీరు హడలిపోయారు.

192 సంగతి ముందు చూద్దాం. 220లోంచి వయసు తీసేస్తే గుండె గరిష్ఠ వేగం వస్తుందని అందరూ చెప్పే లెక్క, మీవాడికి 204 అవుతుంది. వయసుని 0.7తో గుణించి 208లోంచి తీసేసే ఇంకో లెక్క ఉంది, దాని ప్రకారం 197. ఏ లెక్కలో చూసినా మీవాడు సీలింగ్ దగ్గరిదాకా వెళ్ళాడు గానీ దాటలేదు. మ్యాట్ మీద అండర్ 17 వాళ్ళకి రెండు నిమిషాల చొప్పున రెండు రౌండ్లు, మధ్యలో 30 సెకన్ల గ్యాప్. వినడానికి నాలుగు నిమిషాలేగా అనిపిస్తుంది కానీ ఆ నాలుగు నిమిషాలు కాళ్ళు, నడుము, మెడ, వేళ్ళు ఏదీ ఖాళీగా ఉండదు, ఎదుటివాడి బరువు మీద పడుతూనే ఉంటుంది, అలాంటప్పుడు 180, 190 రావడం ఈ ఆటలో రోజూ చూసేదే.

మరి ప్రాక్టీస్‌లో 170 ఎందుకు దాటలేదంటారా? ప్రాక్టీస్‌లో ఎదురుగా ఉండేది రోజూ కలిసి టిఫిన్ తినే ఫ్రెండు, వాడు ఎప్పుడు కాలు పడతాడో మీవాడికి తెలుసు, ఓడిపోయినా పోయేదేం లేదు. పోటీ రోజు అలా కాదు, పేరు పిలవకముందే గుండె మొదలుపెట్టేస్తుంది. మన గుండెకి వేగస్ అనే నరం బ్రేకులాగా ఉంటుంది, ఖాళీగా కూర్చున్నప్పుడు పల్స్ 70 దగ్గర ఉంచేది అదే. టెన్షన్ రాగానే ముందు ఆ బ్రేకు వదులవుతుంది, ఆ వెనకే అడ్రినలిన్ యాక్సిలరేటర్ తొక్కుతుంది. అందుకే బెంచీ మీద కదలకుండా కూర్చున్న పిల్లాడికి కూడా 110, 120 కనిపిస్తుంది, నేను చాలామందికి చూశాను. అంటే బౌట్ మొదలయ్యేటప్పటికే 50 బీట్లు ముందున్నాడన్నమాట. దానికి తోడు గట్టిగా పట్టు పట్టి కదలకుండా బిగించి ఉంచినప్పుడు పల్స్, బీపీ రెండూ పెరుగుతాయి, పోటీలో ఆ బిగింపు మరీ ఎక్కువ. ఇక మీరు మ్యాట్ పక్కన నిలబడి అరిచి ఉంటే ఇంకో ఐదు కలుపుకోండి, తప్పుగా అనుకోవద్దు, అందరు నాన్నలదీ అదే కథ.

ఇప్పుడు 89. ఆక్సీమీటర్ వేలిలోంచి రెండు రకాల వెలుతురు పంపిస్తుంది, ఒకటి ఎరుపు, ఇంకోటి కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్. ఆక్సిజన్ ఎక్కిన హిమోగ్లోబిన్, ఎక్కని హిమోగ్లోబిన్ ఆ రెండు వెలుతుర్లనీ వేరువేరుగా పీల్చుకుంటాయి, ఆ తేడాని నాడి కొట్టుకునే ప్రతిసారీ కొలిచి పర్సెంట్ చెప్తుంది. 1970ల్లో జపాన్ ఇంజినీరు టకువో అయోయాగి కనిపెట్టిన పద్ధతి ఇది, మంచం మీద కదలకుండా పడుకున్న పేషెంటు వేలికి బ్రహ్మాండంగా పనిచేస్తుంది. మీవాడి వేలు అప్పుడెలా ఉంది? నాలుగు నిమిషాలు పిడికిలి బిగించి వచ్చాడు, చెయ్యి వణుకుతోంది, చెమట కారుతోంది, వేలికి టేపు ఉందేమో కూడా. ఊరి కుస్తీ అయితే గోళ్ళ సందుల్లో ఎర్రమట్టి, పసుపు. వేలు కదిలితే ఆ మెషీన్ కదలికని కూడా నాడి అనుకుని లెక్కేసుకుంటుంది.

నిజంగా అస్సలు తగ్గదా అంటే, ఒకటి రెండు పాయింట్లు తగ్గొచ్చు. విశ్రాంతిగా ఉన్నప్పుడు రక్తం ఊపిరితిత్తుల్లోని సన్న నాళాల్లో ముప్పావు సెకను ఉంటుంది, గట్టిగా ఆడేటప్పుడు ఆ టైమ్ బాగా తగ్గిపోతుంది, అయినా ఆరోగ్యంగా ఉన్న పిల్లాడికి ఆక్సిజన్ ఎక్కించుకోవడానికి ఆ కాస్త చాలు. కరువు వచ్చేది రక్తంలో కాదు, కండలో. మీవాడు ప్రత్యర్థి మణికట్టు పట్టుకుని వదలకుండా ఉన్నాడనుకోండి, ముంజేతి కండ బిగుసుకుని తన రక్తనాళాల్ని తనే నొక్కేసుకుంటుంది, రక్తంలో 97 శాతం ఆక్సిజన్ ఉన్నా లోపలికి పోయే దారి లేదు. అప్పుడు కండ ఆక్సిజన్ లేకుండానే పని లాగించేస్తుంది, అలా చేసినప్పుడు పుట్టే లాక్టేట్ అనే పదార్థం పేరుకుంటుంది. మామూలుగా లీటరు రక్తంలో 1 మిల్లీమోల్ దగ్గర ఉండే లాక్టేట్ మంచి బౌట్ తర్వాత 10 దాటేస్తుంది, ఆ ముంజేతి మంట, వేళ్ళు తెరుచుకోకపోవడం అప్పటివే. దీనికి వేలి మీద మెషీన్ ఏమీ చెప్పలేదు.

ఈసారి నుంచి ఇలా చెయ్యండి. బౌట్ అయిపోగానే మెడ పక్కన రెండు వేళ్ళు పెట్టి 10 సెకన్లు లెక్కపెట్టి 6తో గుణించండి, రాసుకోండి. సరిగ్గా నిమిషం ఆగి మళ్ళీ లెక్కపెట్టండి. ఎంత పైకి వెళ్ళిందన్నదానికంటే ఎంత తొందరగా దిగిందన్నదే నాకు ముఖ్యం, ఈ వయసు పిల్లాడికి మొదటి నిమిషంలోనే 30కి పైగా దిగిపోవడం సహజం. పెద్దవాళ్ళ ట్రెడ్‌మిల్ టెస్టుల్లో నిమిషానికి 12 కూడా దిగకపోతే తేడాగా చూస్తారు. నెమ్మదిగా దిగే పిల్లాడు నిద్ర చాలకో, జ్వరం పడి లేచో, నీళ్ళు తాగకో వచ్చి ఉంటాడు, అడగండి. ఆక్సీమీటర్ పెట్టాలనుకుంటే కూర్చోబెట్టి, చెయ్యి తుడిచి, రెండు అరచేతులూ రుద్దించి, ఒళ్ళో పెట్టించి అప్పుడు పెట్టండి. ఇంకో చిట్కా, మెషీన్ చూపించే పల్స్, మీరు మెడ దగ్గర లెక్కపెట్టిన పల్స్ కలవకపోతే అది చూపించే ఆక్సిజన్‌ని కూడా నమ్మొద్దు. ఇలా చేశాక కూడా పది నిమిషాల తర్వాత 95 కంటే కిందే ఉంటే, లేదా పిల్లికూతలు, ఆయాసం ఉంటే డాక్టర్‌కి చూపించండి, ఆస్తమా బయటపడేది తరచుగా ఇలాంటప్పుడే.

*ప్రశ్న: టోర్నమెంట్ దగ్గర ఆక్సిజన్ క్యాన్‌లు అమ్ముతున్నారు సార్, బౌట్‌కి బౌట్‌కి మధ్య నాలుగు సార్లు పీలిస్తే రికవరీ ఫాస్ట్‌గా అవుతుందంట. కొనమంటారా?*

జవాబు: వద్దు. ఆర్టీసీ బస్సులో 100 సీట్లున్నాయి, 98 మంది కూర్చున్నారు, మీరు బస్టాండ్‌లో ఇంకో 500 మందిని నిలబెడితే ఏమవుతుంది, రెండు సీట్లు నిండుతాయి అంతే. మీ రక్తం పరిస్థితి అదే. ఆ డబ్బుతో అరటిపళ్ళు, ఉప్పూ పంచదారా కలిపిన నిమ్మరసం కొనుక్కోండి, బౌట్ కాగానే కూలబడకుండా ఐదు పది నిమిషాలు మెల్లగా నడవండి, లాక్టేట్ తొందరగా దిగేది దాంతోనే.

*ప్రశ్న: నేను కడప జిల్లాలో పీఈటీ టీచర్‌ని. మా స్కూల్ రెజ్లింగ్ టీమ్‌లో 14 ఏళ్ళ పాప ఉంది, టెక్నిక్ అందరికంటే బాగుంటుంది, మొదటి రౌండ్ లీడ్‌లో ఉంటుంది, రెండో రౌండ్‌లో ఒక్కసారిగా చచ్చుబడిపోతుంది. ఆక్సీమీటర్‌లో ఎప్పుడు చూసినా 99. పొద్దున లేవగానే పల్స్ మాత్రం 98, 100 ఉంటుందని వాళ్ళమ్మ చెప్పింది. స్టామినా ట్రైనింగ్ పెంచాలా?*

జవాబు: మాస్టారూ, ట్రైనింగ్ సంగతి తర్వాత, ముందు హిమోగ్లోబిన్ టెస్ట్ చేయించండి, ఇవాళే.

పైన చెప్పిన బస్సు లెక్కే మళ్ళీ. ఆక్సీమీటర్ చెప్పేది ఉన్న సీట్లలో ఎన్ని నిండాయో మాత్రమే, అసలు డిపోలో ఎన్ని బస్సులున్నాయో అది చెప్పదు. రక్తహీనత అంటే బస్సులు తక్కువ, కానీ ఉన్న బస్సులన్నీ ఫుల్, అందుకే 99. ఒక గ్రాము హిమోగ్లోబిన్ దాదాపు 1.34 మిల్లీలీటర్ల ఆక్సిజన్ మోస్తుంది. హిమోగ్లోబిన్ 14 ఉన్న పిల్లకి 100 మిల్లీలీటర్ల రక్తంలో రమారమి 19 మిల్లీలీటర్ల ఆక్సిజన్ వెళ్తుంది, 8 ఉన్న పిల్లకి 11 కూడా వెళ్ళదు, ఇద్దరి వేలి మీదా మెషీన్ 99 అనే అంటుంది. తక్కువున్న బస్సులతో అంతమందినీ చేరవేయాలంటే ట్రిప్పులు పెంచాలి కదా, ఆ పాప గుండె చేస్తున్నది అదే, లేవగానే 100 కొట్టుకోవడానికి కారణం అదే అయ్యుండొచ్చు. థైరాయిడ్ లాంటివి కూడా ఉంటాయి అనుకోండి, కానీ మొదటి అనుమానం రక్తం మీదే.

ఈ అనుమానం ఊరికే రాలేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21లో దేశం మొత్తం మీద 15 నుంచి 19 ఏళ్ళ ఆడపిల్లల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉంది. మీ టీమ్‌లో ఆరుగురు అమ్మాయిలుంటే ముగ్గురికో నలుగురికో ఉందనే లెక్కేసుకోండి, ఒక్కరికే కాదు అందరికీ టెస్ట్ చేయించండి. 12 కంటే తక్కువొస్తే రక్తహీనత కిందే లెక్క. ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ టెస్ట్ కూడా చేయించగలిగితే ఇంకా మంచిది. స్కూళ్ళలో వారానికోసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర ఉంటుంది చూడండి, పిల్లలు కడుపులో తిప్పుతోందని కిటికీలోంచి విసిరేస్తారు, అది భోజనం తర్వాత మీ ఎదుటే మింగించండి, దాని మీద వెంటనే టీ తాగనివ్వకండి. టెస్ట్‌లో తక్కువొస్తే మాత్రం ఆ వారం మాత్ర సరిపోదు, డాక్టర్ రాసిన డోసు రెండు మూడు నెలలు వాడాలి. తోటకూర తింటే వచ్చేస్తుందిలే అని వదిలెయ్యకండి. అప్పటిదాకా పాపని పరిగెత్తించి స్టామినా తెప్పించే ప్రయత్నం చెయ్యొద్దు.

అన్నట్టు గోళ్ళకి ముదురు రంగు నెయిల్ పాలిష్ ఉన్నా, నల్ల మెహందీ పెట్టుకున్నా ఆక్సీమీటర్ తికమక పడుతుంది, ఏ రంగూ లేని వేలికి పెట్టండి.

*ప్రశ్న: అయ్యా, నాకు 71 ఏళ్ళు, శ్రీకాకుళం జిల్లా. వయసులో ఉండగా నేనూ కుస్తీ పట్టినవాణ్ణే. మా మనవడికి ఊపిరి బిగబట్టి పట్టు పట్టమని నేర్పాను. వాడి కోచ్ అలా చెయ్యొద్దంటున్నాడు. మా వీరఘట్టం కోడి రామమూర్తి నాయుడు గారు ప్రాణాయామ బలంతోనే కదా గుండె పొంగించి ఇనుప గొలుసులు తెంపింది?*

జవాబు: తాతగారూ, రామమూర్తి నాయుడు గారి పేరెత్తితే నేనేం మాట్లాడగలను చెప్పండి. కానీ ఆయన గొలుసు తెంపడం కొన్ని సెకన్ల పని, ఒక్క ఊపిరిలో అయిపోయేది, ఎదురుగా ఇంకో మనిషి కాళ్ళు లాగుతూ ఉండడు.

గొంతు మూసి ముక్కితే ఛాతీలో ప్రెషర్ పెరుగుతుంది, నడుము గట్టిపడుతుంది, బరువెత్తేవాళ్ళందరూ ఆ ఒక్క క్షణం అలాగే చేస్తారు, అందులో తప్పులేదు. అదే పది పదిహేను సెకన్లు సాగిందనుకోండి, ఆ ప్రెషర్‌కి ఒంట్లోంచి గుండెకి తిరిగొచ్చే రక్తం తగ్గిపోతుంది, మొదట ఎగిరిన బీపీ పడిపోతుంది, దాన్ని నిలబెట్టడానికి పల్స్ పరిగెడుతుంది, వదలగానే బీపీ మళ్ళీ పైకి తంతుంది, పల్స్ ఒక్కసారి నెమ్మదిస్తుంది. కుర్రాళ్ళు కళ్ళు బైర్లు కమ్మాయి తాతా అనేది ఈ మధ్యలోనే. పైగా ఊరికే కూర్చుని అర నిమిషం ఊపిరి ఆపితే ఆక్సిజన్ పెద్దగా కదలదు గానీ, కండలన్నీ పనిచేస్తున్నప్పుడు ఆపితే గబగబా పడిపోతుంది. మీ రోజుల్లో మట్టిలో అరగంట పట్టేవాళ్ళు, టైమ్ లిమిట్ లేదు, మెడ మీద చెయ్యేసి తోసుకుంటూ ఊపిరి తీసుకునే సందు దొరికేది. మ్యాట్ మీద ఆ సందు లేదు, రిఫరీ ఊరుకోడు, మెల్లగా ఆడితే పాసివిటీ అంటాడు.

కాబట్టి కోచ్ చెప్పింది చెయ్యనివ్వండి, తోసేటప్పుడు, ఎత్తేటప్పుడు నోట్లోంచి హుమ్ అని గాలి వదలాలి. మీ విద్య ఎక్కడ వాడాలంటే బౌట్‌కి ముందు. పిల్లాడు పేరు పిలిచేదాకా గోళ్ళు కొరుక్కుంటూ కూర్చుంటాడు చూడండి, అప్పుడు పక్కన కూర్చుని నిమిషానికి ఆరు ఊపిరులు, పీల్చేదానికంటే వదిలేది పొడుగ్గా ఉండేలా చేయించండి. వదిలేటప్పుడే ఆ వేగస్ బ్రేకు గట్టిగా పడుతుంది, 120 ఉన్న పల్స్ మీ కళ్ళ ముందే దిగుతుంది. ఈ పని కోచ్‌ల కంటే తాతలే బాగా చేస్తారు.

*ప్రశ్న: మా అబ్బాయికి 15. బరువు రెండు కేజీలు ఎక్కువున్నాడని వాళ్ళ కోచ్ రెండ్రోజులు నీళ్ళు మానేసి, రెయిన్‌కోటు వేసుకుని ఎండలో పరిగెత్తమన్నారు. ఇంటికొచ్చేసరికి పెదాలు ఎండిపోయి ఉన్నాయి, పడుకుంటే గుండె దడదడా కొట్టుకుంటోంది అన్నాడు. ఆక్సీమీటర్‌లో 98 ఉంది కాబట్టి పర్లేదు అన్నారు ఆ కోచ్. నిజమేనా?*

జవాబు: కాదమ్మా. ఈ నెల వచ్చిన ఉత్తరాలన్నిటిలో నాకు కోపం తెప్పించింది ఇదొక్కటే.

నీళ్ళు తగ్గితే రక్తంలో నీటి భాగం తగ్గుతుంది, గుండె ఒక్క దెబ్బకి పంపే రక్తం తగ్గుతుంది, ఆ లోటు పూడ్చడానికి ఎక్కువసార్లు కొట్టుకోవాలి. మీవాడు పడుకున్నా దడ వచ్చింది అందుకే. ఆక్సీమీటర్‌కి ఇదంతా కనపడదు, వడదెబ్బ తగిలి పడిపోబోయే పిల్లాడి వేలికి పెట్టినా 98 చూపించగలదు. 1997 చివర్లో అమెరికాలో నెల రోజుల తేడాలో ముగ్గురు కాలేజీ రెజ్లర్లు సరిగ్గా ఇలాగే, చెమట పట్టే సూట్లు వేసుకుని బరువు తగ్గిస్తూ చనిపోయారు. ఆ తర్వాతే అక్కడ కాలేజీ రెజ్లింగ్‌లో రబ్బరు సూట్లు, చెమట పట్టించే సానా గదులు నిషేధించారు, ఒంట్లో నీళ్ళు సరిపడా ఉన్నాయో లేదో మూత్రం టెస్ట్ చేసి మరీ ఎవరు ఏ బరువులో ఆడొచ్చో తేల్చడం మొదలైంది.

వినేశ్ ఫొగాట్ సంగతి మీకు తెలిసిందే, 2024 ఆగస్టు 7న పారిస్‌లో 50 కేజీల ఫైనల్ రోజు పొద్దున 100 గ్రాములు ఎక్కువ తూగింది, రాత్రంతా కష్టపడి జుట్టు కత్తిరించుకున్నా దిగలేదు, ఆ తర్వాత డీహైడ్రేషన్‌తో ఆమెకి సెలైన్ ఎక్కించాల్సొచ్చింది. పక్కన డాక్టర్, డైటీషియన్, ఫిజియో అందరూ ఉన్న ఒలింపిక్ ప్లేయర్ పరిస్థితి అది, మీవాడి పక్కన ఎవరున్నారు, రెయిన్‌కోటు ఇచ్చిన ఆయన తప్ప. పైగా ఇంటర్నేషనల్ రూల్స్‌లో ఇప్పుడు బరువు తూచేది పోటీ రోజు పొద్దునే, తూగాక నీళ్ళు తాగి తేరుకునే టైమ్ కూడా ఉండదు, ఎండిన గుండెతోనే మ్యాట్ ఎక్కాలి.

ఎదిగే పిల్లాడు, రెండు కేజీలు పెరిగితే పై కేటగిరీలో ఆడించండి. ఒకవేళ ఆయన మూత్రం వచ్చే మాత్ర ఏదైనా ఇస్తే, లాసిక్స్ లాంటివి, అస్సలు వెయ్యొద్దు. అది డోపింగ్ లిస్టులో ఉన్న మందు, దొరికితే బ్యాన్, దొరక్కపోతే పొటాషియం పడిపోయి గుండె లయ తప్పే ప్రమాదం. మూత్రం గడ్డి రంగులో ఉందా, టీ డికాషన్ రంగులో ఉందా అని అబ్బాయినే రోజూ చూసుకోమనండి, ఆక్సీమీటర్ కంటే అదే నయం.

*ప్రశ్న: మా తమ్ముడు 32 ఏళ్ళకే వాలీబాల్ ఆడుతూ కుప్పకూలి చనిపోయాడు, ఏ జబ్బూ లేదు. ఇప్పుడు మా అబ్బాయి 13 ఏళ్ళవాడు కుస్తీలో చేరతానంటున్నాడు. పోయినవారం ప్రాక్టీస్‌లో ఒకసారి కళ్ళు తిరిగి పడిపోయాడు, నీళ్ళు చల్లితే లేచాడు. పల్స్, ఆక్సిజన్ రెండూ నార్మల్.*

జవాబు: పల్స్, ఆక్సిజన్ పక్కన పెట్టండి. ఇంట్లో 50 లోపు వయసులో హఠాత్తుగా పోయినవాళ్ళుండడం, ఆడుతుండగా పడిపోవడం, ఆ రెండూ కలిశాయంటే ఒక్కరోజు కూడా ఆగకూడదు. కష్టపడేటప్పుడు ఛాతీలో నొప్పి వచ్చినా ఇదే మాట. గుండె కండ దళసరిగా పెరిగే జబ్బొకటి కుటుంబాల్లో నడుస్తుంది, గుండెలోని కరెంటు లైన్లలో పుట్టుకతో వచ్చే లోపాలు కొన్ని ఉన్నాయి, ఇవేవీ ఆక్సీమీటర్‌లో దొరకవు. ఈసీజీ, ఎకో చేయించండి, కార్డియాలజిస్ట్‌కి మీ తమ్ముడి విషయం మీరే ముందు చెప్పండి, అడిగేదాకా ఆగొద్దు. ఇటలీలో 1982 నుంచి పోటీల్లో ఆడే ప్రతి క్రీడాకారుడికీ ఈసీజీ తప్పనిసరి, మన దగ్గర ఆ రూల్ లేదు కాబట్టి మనమే చేయించుకోవాలి. మీ తమ్ముడి పిల్లలకి, మీకు కూడా తీయించండి.

రిపోర్టులు వచ్చేదాకా అబ్బాయిని ప్రాక్టీస్‌కి పంపొద్దు. ఏడుస్తాడు, ఏడవనివ్వండి. రిపోర్టులు వచ్చాక మాకు మళ్ళీ రాయండి.